అమ్మ పంపు మందు గొంతులోనే ఆగిపోకుండా

అమ్మకి ఉబ్బసం. గుంటూరు దగ్గర మిర్చి కళ్లాల్లో ఏళ్లతరబడి తొడిమలు తీసింది, ఆ ఘాటుకే ముదిరిందంటుంది. డాక్టరు ఇన్‌హేలర్ రాసి మూడు నెలలైనా ఆయాసం తగ్గలేదు. "ఈ పంపులో మందే లేదమ్మాయ్" అనేది. ఓ రోజు ఎదురుగా కూర్చుని చూశాను. ముందు నొక్కింది, తర్వాత పీల్చింది. తెల్లటి పొగంతా పెదాల పక్కనుంచి బయటికొచ్చేసింది.

పంపులోంచి మందు చాలా వేగంగా దూసుకొస్తుంది. నొక్కడం, పీల్చడం జతకుదరకపోతే గొంతు గోడకే అంటుకుంటుంది. సుమారు 1 నుంచి 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) సన్నటి తుంపరలే ఊపిరితిత్తుల్లోకి బాగా దిగుతాయి, అదీ మెల్లగా పీలిస్తేనే. అందుకే డాక్టర్ని అడిగి స్పేసర్ కొన్నాం, అంటే పంపుకి తగిలించే ప్లాస్టిక్ డబ్బా. మందు కాసేపు ఆ డబ్బాలో నిలుస్తుంది, వేగం తగ్గుతుంది.

ఇప్పుడు అమ్మ నిటారుగా కూర్చుంటుంది. మూత తీసి, పంపు బాగా ఊపి, స్పేసర్‌కి తగిలిస్తుంది. ముందు ఊపిరంతా మెల్లగా వదిలేస్తుంది. చాలామంది మరిచేది ఇదే, ఖాళీ చేయని కుండలో నీళ్లెలా పడతాయి? తర్వాత పెదాలు బిగించి, ఒక్కసారి నొక్కి, నాలుగైదు సెకన్లు నిదానంగా పీలుస్తుంది. వేళ్ల కణుపుల మీద 10 లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టి ఉంచుతుంది. రెండో పఫ్‌కి అరనిమిషం ఆగి, మళ్లీ ఊపాలి. రెండూ ఒకేసారి నొక్కొద్దు.

స్పేసర్‌ని సబ్బునీళ్లలో కడిగి గాలికే ఆరనివ్వండి. అమ్మ చీరకొంగుతో తుడిచేది. నైలాన్ చీర విప్పేటప్పుడు చిటపటమంటుందే, తుడిస్తే అలాంటి కరెంటే ప్లాస్టిక్‌లో పుట్టి మందుని గోడలకే లాక్కుంటుంది.

గుళికలోని పొడిమందుని పీల్చే రోటాహేలర్ అయితే పద్ధతి తిరగబడుతుంది: గట్టిగా, వేగంగా పీల్చాలి. దాంట్లోకి ఊదకూడదు, తేమకి పొడి ముద్దకడుతుంది. మా పిన్ని వారంపాటు ఆ గుళికల్ని నీళ్లతో మింగింది, ఎవరూ చూపించలేదు మరి. మందుల షాపులోనైనా సరే, ఒకసారి వాడి చూపించమని అడగండి.

స్టెరాయిడ్ మందు పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేదంటే నాలుక మీద తెల్లటి పూత రావచ్చు. రోజూ వాడమన్న పంపుని ఆయాసం లేదని మానొద్దు. తక్షణ ఉపశమనం పంపు వాడినా మాట పూర్తిచేయలేకపోతున్నా, పెదాలు నీలిరంగుకి తిరిగినా వెంటనే ఆసుపత్రికి.

పంపు ఊపి, చప్పుడుని బట్టి మందుందో లేదో చెప్పలేం. అమ్మ పంపు మీద 200 పఫ్‌లని ఉంటుంది, రోజుకి 4 చొప్పున 50 రోజులు. కొత్తది తెరిచిన రోజే క్యాలెండర్ మీద యాభయ్యో రోజుకి ఎర్రగా సున్నా చుడతాను. దానికి వారం ముందే ఇంకొకటి కొని తెచ్చుకుంటాం.