వేపరైజర్‌లో వాడిన గంజాయి పొడితో నెయ్యి కాచే విధానం

చట్టం అనుమతించిన చోట గంజాయిని వేపరైజర్‌లో (మండించకుండా వేడి చేసి, ఆవిరిని పీల్చే పరికరంలో) వాడే పెద్దవారిలో చాలామంది, చివర మిగిలే గోధుమరంగు పొడిని చెత్తబుట్టలో వేస్తుంటారు. ఆ పొడిలో మత్తు కలిగించే టీహెచ్‌సీ ఎంతో కొంత మిగిలే ఉంటుంది. పచ్చి పువ్వులో ఆమ్ల రూపంలో ఉండే ఈ పదార్థం వేడి తగిలితేనే మత్తునిచ్చే రూపంలోకి మారుతుంది. వేపరైజర్ 160 నుంచి 220 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఆ పనిని ముందే చేసేస్తుంది కనుక, పొడిని మళ్లీ ఓవెన్‌లో వేయించనక్కరలేదు.

పొడి లేత గోధుమరంగులో ఉంటే సారం ఎక్కువగానే మిగిలిందని, ముదిరి నల్లబడితే దాదాపు ఆవిరైపోయిందని స్థూలంగా అనుకోవచ్చు. అయితే ఇది అంచనాయే తప్ప కొలత కాదు. బూజు పట్టిన పొడిని మాత్రం నిస్సంకోచంగా పారేయాలి.

ఈ పొడికి మాడిన వాసన, చేదు ఎక్కువ. వాటిని తగ్గించడానికి పల్చని గుడ్డలో మూటకట్టి చన్నీటిలో నానబెట్టి, రోజూ నీరు మార్చాలి. మొదటి రోజు చిక్కటి డికాషన్‌లా దిగే నీరు నాలుగైదు రోజులకు లేత పసుపురంగుకు తేరుతుంది. టీహెచ్‌సీ నీటిలో కరగదు కనుక సారం పెద్దగా పోదు. తర్వాత పొడిని వేళ్ల మధ్య నలిపితే గలగలలాడేలా పూర్తిగా ఆరబెట్టాలి.

పది గ్రాముల పొడికి 200 మిల్లీలీటర్ల నెయ్యి గాని కొబ్బరి నూనె గాని తీసుకోవాలి. మరిగే నీటి గిన్నెపై మరో గిన్నె ఉంచి, అందులో రెండింటినీ కలిపి, సన్నని సెగపై అప్పుడప్పుడు కలుపుతూ రెండు మూడు గంటలు ఉంచాలి. నేరుగా పొయ్యి మీద పెడితే అడుగంటి, కడిగి వదిలించిన చేదంతా తిరిగి వస్తుంది. చివరికి గుడ్డతో వడకట్టాలి. గట్టిగా పిండితే మడ్డి దిగుతుంది.

నేను అన్నిటికన్నా ముఖ్యమని భావించేది మోతాదు. ఇంట్లో కాచిన నెయ్యి బలం ఎవరికీ తెలియదు కాబట్టి, మొదటిసారి పావు టీస్పూను మించకుండా తీసుకుని, ఆ రోజుకు అంతటితో ఆగాలి. పొగ పీల్చినప్పటిలా కాక, తిన్నది కాలేయం గుండా వెళ్లి మరింత బలమైన రూపంలోకి మారుతుంది. ప్రభావం మొదలవడానికి అరగంట నుంచి రెండు గంటలు పట్టి, ఆరు గంటలకు పైగా నిలుస్తుంది. ఏమీ కాలేదనుకుని మరో చెంచా తినడం వల్లే ఎక్కువమంది తీవ్రమైన ఆందోళనకు, గుండెదడకు గురవుతారు. మద్యంతో కలపకూడదు, ఆ రోజు వాహనం నడపకూడదు, గర్భిణులు, బాలింతలు దీన్ని ముట్టకూడదు.

నెయ్యిని నల్లరంగు సీసాలో పోసి, పేరు, తేదీ రాసిన చీటీ అంటించి, పిల్లలకు, పెంపుడు జంతువులకు అందకుండా తాళం వేసిన పెట్టెలో ఉంచాలి. దానితో చేసిన తినుబండారాలనూ ఇంటిల్లిపాదీ తినే వాటి పక్కన పెట్టకూడదు. ఒకవేళ పిల్లలు పొరపాటున తింటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, తిన్నది గంజాయి అని వైద్యుడికి దాచకుండా చెప్పాలి.