విండోస్ 10 వదిలే ముందు ఆఫీసులో చూసుకోవాల్సినవి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మర్నాడు పొద్దున సిస్టం ఎప్పటిలాగే ఆన్ అయింది, ట్యాలీ తెరుచుకుంది, బిల్లు ప్రింటయింది. దాంతో చాలామంది వ్యాపారులు "ఏం కాలేదుగా" అని వదిలేశారు. ఆగింది సిస్టం కాదు, నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ లొసుగును పూడ్చే అప్‌డేట్ అదే ఏడాది మార్చిలోనే వచ్చింది. అప్పుడు మందు ఉండి వేసుకోలేదు, ఇప్పుడు డబ్బు కడితే తప్ప మందే రాదు.

డబ్బు కట్టి గడువు పెంచుకునే పథకం ఒకటుంది, ఈఎస్‌యూ అంటారు. వ్యాపార సంస్థలకు మొదటి ఏడాది సిస్టంకు 61 డాలర్లు, తర్వాత ఏటా రెట్టింపు. మూడేళ్లకు 427 డాలర్లు. ఆలస్యంగా చేరితే వెనకటి ఏడాది డబ్బు కూడా కట్టాలి. మూడేళ్లకు కట్టే డబ్బు దాదాపు కొత్త డెస్క్‌టాప్ ఖరీదు. కాబట్టి ఇప్పట్లో కదపలేని ఒకటి రెండు సిస్టమ్‌లకు మాత్రమే తీసుకోండి.

ఇక విండోస్ 11 ఎక్కుతుందా లేదా అన్నది మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ చెప్పేస్తుంది. ఇంటెల్ అయితే మామూలుగా ఎనిమిదో జనరేషన్ నుంచి పైవి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. టీపీఎం లేదని చూపిస్తే వెంటనే సిస్టం పారేయకండి. చాలా బోర్డుల్లో అది ఉండి కూడా బయోస్‌లో, అంటే విండోస్ రాకముందు తెరుచుకునే బోర్డు సెట్టింగ్స్‌లో, ఆఫ్ చేసి ఉంటుంది. "టీపీఎం లేకపోయినా ఎక్కిస్తాం సార్" అనే వాళ్లూ దొరుకుతారు. ఎక్కుతుంది కూడా. కానీ అలాంటి సిస్టంకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. బిల్లింగ్ కౌంటర్లో ఆ ప్రయోగం వద్దు.

అసలు టెన్షన్ విండోస్‌తో కాదు, దానికి తగిలించి ఉన్న వాటితో. డీటీపీ సెంటర్‌నే తీసుకోండి. తెలుగు టైపింగ్‌కు పాత అను, పేజీలు కట్టే పేజ్‌మేకర్, వెనకాల యూఎస్‌బీలో లైసెన్స్ డాంగిల్, పక్కన పాత ప్రింటర్. విండోస్ 11లో 32-బిట్ రకం లేదు. డాంగిల్‌కైనా, ప్రింటర్‌కైనా 64-బిట్ డ్రైవర్ దొరక్కపోతే అక్కడితో పని ఆగినట్టే. డాస్ కాలంనాటి ఫాక్స్‌ప్రోలో రాయించుకున్న లెక్కల ప్రోగ్రాం 32-బిట్ విండోస్ 10లో నడుస్తూ ఉండొచ్చు, 64-బిట్‌లో నేరుగా తెరుచుకోదు. సెట్టింగ్స్‌లో అబౌట్ తెరిచి సిస్టం టైప్ దగ్గర ఏముందో ఈరోజే చూడండి. 32-బిట్ అని ఉంటే అప్‌గ్రేడ్ కుదరదు, ఫార్మాట్ చేసి కొత్తగా ఎక్కించాల్సిందే.

వేబ్రిడ్జి కాటా సీరియల్ పోర్టు, ప్యారలల్ పోర్టు డాట్ మ్యాట్రిక్స్, జీఎస్టీ రిటర్నులకు వాడే డీఎస్‌సీ (డిజిటల్ సంతకం) టోకెన్, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఒక్కోదానికి డ్రైవర్ ఉందో లేదో తేల్చుకున్నాకే కొత్త సిస్టమ్‌లకు ఆర్డర్ ఇవ్వండి. కొత్త డెస్క్‌టాప్‌లలో చాలావాటికి ఆ పాత పోర్టులే ఉండవు.

బ్యాకప్ అంటే డీ డ్రైవ్‌లోకి కాపీ చేయడం కాదు. అదీ ఆ డిస్కే. బయటి హార్డ్‌డిస్క్‌లోకి తీసుకుని, వేరే సిస్టంలో ట్యాలీ డేటా రీస్టోర్ చేసి, నిన్న వేసిన చివరి వోచర్ కనిపిస్తోందా, క్యాష్ బ్యాలెన్స్ సరిపోయిందా చూడండి. అప్పుడే అది బ్యాకప్. ఫార్మాట్ చేసే ముందు ట్యాలీ లైసెన్స్ సరెండర్ చేయడం, ట్యాలీకి అదనంగా రాయించుకున్న టీడీఎల్ ఫైళ్లు విడిగా కాపీ చేసుకోవడం మర్చిపోతుంటారు. అవుట్‌లుక్‌లో పాప్ ఖాతా (మెయిల్స్‌ను సిస్టంలోకి దించుకునే రకం) వాడుతుంటే పాత మెయిల్స్ చాలావరకు ఆ సిస్టంలోని పీఎస్‌టీ ఫైల్లోనే ఉంటాయి, సర్వర్లో వెతికితే దొరకవు. బ్రౌజర్లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లూ అంతే.

ముహూర్తం సంగతి. 11న జీఎస్‌టీఆర్-1, 20న జీఎస్‌టీఆర్-3బీ. ఆ రెండూ అయ్యాక వచ్చే శనివారం సాయంత్రం మొదలుపెట్టండి. మార్చి చివర్లో అసలు ముట్టుకోవద్దు. ముందు పెద్దగా పని లేని సిస్టం ఒకటి మార్చి వారం రోజులు వాడండి, అకౌంటెంట్ సిస్టం అన్నిటికంటే చివర. అప్‌గ్రేడ్ నచ్చకపోతే వెనక్కి వెళ్లడానికి మామూలుగా పది రోజులే గడువు, కాబట్టి ప్రింటర్లు, టోకెన్లు అన్నీ ఆలోపే పరీక్షించాలి. ఇంకొకటి: కొత్తగా ఎక్కించిన విండోస్ 11లో డిస్క్‌కు తాళం వేసే ఎన్‌క్రిప్షన్ (బిట్‌లాకర్) దానంతట అదే ఆన్ కావొచ్చు. బిట్‌లాకర్ రికవరీ కీ ప్రింట్ తీసి బీరువాలో పెట్టండి. సిస్టం సెటప్ చేసిన కుర్రాడి సొంత మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ కీ ఉండిపోయి, అతను ఉద్యోగం మానేస్తే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఎంత చేసినా మారని సిస్టం ఒకటి మిగులుతుంది. దానికి నెట్ కేబుల్ తీసేయండి, వైఫై ఆఫ్ చేయండి. కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవ్ ముందు వేరే సిస్టంలో స్కాన్ చేశాకే ఇందులో పెట్టాలి. వాట్సాప్, మెయిల్ పక్క సిస్టంలోనే చూసుకోవాలి.

ఆఫీస్ 2016, 2019లకు కూడా సపోర్టు అదే అక్టోబర్ 14న పోయింది. లోపల గదిలో విండోస్ సర్వర్ 2016 నడుస్తుంటే దాని గడువు 2027 జనవరి 12.

పాత సిస్టమ్‌లు ఎక్స్చేంజ్‌కి ఇచ్చేటప్పుడు హార్డ్‌డిస్క్‌లు తీసి దగ్గరే ఉంచుకోండి. కస్టమర్ల ఆధార్, పాన్ కాపీలు క్విక్ ఫార్మాట్ కొట్టినంత మాత్రాన పోవు.