డేటాబేస్ స్నాప్‌షాట్లతో పోయిన డేటాను ఎలా తిరిగి తెచ్చుకోవాలి?

బెంగళూరులోని మారతహళ్లిలో మనవాళ్లు నడిపే నాలుగైదు పీజీ హాస్టళ్ల అద్దెలు, అడ్వాన్సుల లెక్కలన్నీ అమెజాన్ ఆర్‌డీఎస్‌లోని (అమెజాన్ తన క్లౌడ్‌లో డేటాబేస్‌లను నడిపిపెట్టే సేవ) ఒకే డేటాబేస్‌లో ఉన్నాయనుకుందాం. ఆ డేటాబేస్ నిల్వకు ఒకానొక క్షణంలో తీసిన నకలే స్నాప్‌షాట్. మొదటిది పూర్తి నకలు. తరువాతివి మారిన భాగాలను మాత్రమే దాచుకుంటాయి కనుక, రోజూ తీసినా ఖర్చు రోజుల లెక్కన పెరగదు. (మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇదే పేరుతో ఉన్న సదుపాయం వేరు. అది మూల డేటాబేస్ మీదే ఆధారపడుతుంది కాబట్టి దానిని బ్యాకప్‌గా లెక్కించరాదు.)

ముందుగా ఆటోమేటెడ్ బ్యాకప్‌లను, అంటే ఆర్‌డీఎస్ రోజూ తనంతట తానే తీసే నకళ్లను, ఎన్ని రోజులు ఉంచాలో నిర్ణయించాలి. గరిష్ఠంగా 35 రోజులు ఉంచవచ్చు. 0 అని ఇస్తే బ్యాకప్‌లే ఉండవు. అద్దె లెక్కల్లో తప్పులు తరచుగా మరుసటి నెల వసూళ్లప్పుడు గానీ బయటపడవు కనుక, ఇటువంటి డేటాకు 7 రోజులు చాలవనీ, 35 ఉంచడమే మేలనీ నా అభిప్రాయం. బ్యాకప్ సమయాన్ని యూటీసీలో (మన సమయం కంటే ఐదున్నర గంటలు వెనుక ఉండే అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఇవ్వాలి. మన తెల్లవారుజామున 3 గంటలకు జరగాలంటే 21:30 అని రాయాలి. పొరపాటున 03:00 అని రాస్తే అది ఉదయం 8:30కి మొదలవుతుంది. వేరే చోట తోడు నకలు లేకుండా ఒకే జోన్‌లో (డేటా సెంటర్ల సముదాయంలో) నడిచే డేటాబేస్ అయితే ఆ సమయంలో కొన్ని క్షణాల నుంచి కొన్ని నిమిషాల వరకు స్తంభించవచ్చు.

పట్టికల నిర్మాణాన్ని మార్చే ముందు మీరే ఒక స్నాప్‌షాట్ తీయాలి. దీనికి 35 రోజుల గడువు వర్తించదు, మీరు తొలగించేదాకా ఉంటుంది. అందుకే పేరులో తేదీతోపాటు కారణం కూడా ఉండాలి.

దేశంలో అమెజాన్‌కు ముంబైలో 2016 నుంచి, హైదరాబాదులో 2022 నుంచి రీజియన్లు (ఇటువంటి జోన్లు కొన్ని కలిసిన క్లౌడ్ కేంద్రాలు) ఉన్నాయి. డేటా ముంబైలో ఉంటే వారానికొక నకలును హైదరాబాదుకు పంపడం మంచిది. ఎన్‌క్రిప్ట్ చేసిన (ఇతరులు చదవలేని రహస్య రూపంలోకి మార్చిన) స్నాప్‌షాట్‌కు అక్కడి రీజియన్‌కు చెందిన ఎన్‌క్రిప్షన్ తాళంచెవి ఇవ్వాలి. ఆ చెవిని తొలగిస్తే నకలు ఉన్నా లేనట్టే.

ఇక అసలు పని రికవరీ. ఉదయం 11:10కి ఎవరో ఏ వరుసలను మార్చాలో చెప్పే షరతు రాయడం మరచి నడిపిన ఒక్క కమాండ్‌తో అందరి అద్దెలూ చెల్లించినట్టు నమోదయ్యాయనీ, ఆ సంగతి మధ్యాహ్నం 12 గంటలకు తెలిసిందనీ అనుకుందాం. రాత్రి స్నాప్‌షాట్‌కు వెళితే ఉదయం కట్టిన అద్దెలు పోతాయి. కాబట్టి నిర్ణీత సమయానికి రిస్టోర్ చేసే సదుపాయాన్ని ఎంచుకొని 11:09 అని ఇవ్వాలి. సాధారణంగా దాదాపు 5 నిమిషాల క్రితం వరకు ఏ క్షణానికైనా ఇలా వెళ్లవచ్చు. రిస్టోర్ ఎప్పుడూ పాతదాని మీద జరగదు, కొత్త చిరునామాతో మరో డేటాబేస్ తయారవుతుంది. సెక్యూరిటీ గ్రూప్‌ను (డేటాబేస్‌కు ఎవరు కనెక్ట్ కావచ్చో చెప్పే నియమాలను) సరిగా ఎంచుకోకపోతే అప్లికేషన్ దానికి కనెక్ట్ కాలేక, రిస్టోరే విఫలమైందని కంగారు పడతారు. డేటా వెనుక నుంచి నెమ్మదిగా చేరుతూ ఉంటుంది కనుక మొదట్లో క్వెరీలు (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలు) నత్తనడక నడవడం సహజమే. అప్లికేషన్‌ను మొత్తంగా కొత్తదానికి మళ్లిస్తే 11:10 తరువాత వచ్చిన చెల్లింపులు పోతాయి. అందువల్ల దెబ్బతిన్న వరుసలను మాత్రమే కొత్తదాని నుంచి పాతదానిలోకి తెచ్చి, ఆ 50 నిమిషాల చెల్లింపులను రసీదులతో సరిపోల్చాలి.

2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు తమ కోడ్‌ను దాచుకునే గిట్‌ల్యాబ్ సంస్థలో ప్రధాన డేటాబేస్ డైరెక్టరీ పొరపాటున తొలగిపోయినప్పుడు, బ్యాకప్ సాధనానికీ డేటాబేస్‌కూ మధ్య వెర్షన్ తేడా వల్ల రోజువారీ బ్యాకప్‌లు విఫలమవుతున్నాయన్న సంగతి అప్పుడు గానీ తెలియలేదు. సుమారు 6 గంటల ముందు ఒకరు చేత్తో తీసిన స్నాప్‌షాటే వారిని ఆదుకుంది. కనుక మూడు నెలలకొకసారి, ఏ ప్రమాదమూ లేని రోజున, ఒక స్నాప్‌షాట్‌ను రిస్టోర్ చేసి, వరుసల సంఖ్యను సరిచూసి, మొత్తం ఎన్ని నిమిషాలు పట్టిందో రాసిపెట్టుకోవాలి. పరీక్ష ముగిశాక ఆ కొత్త డేటాబేస్‌ను తొలగించడం మరవకూడదు, గంటల లెక్కన బిల్లు పడుతూనే ఉంటుంది. తొలగించే బటన్ నొక్కే ముందు మాత్రం పేరును రెండుసార్లు చదవాలి.