దోమల మెషిన్ నుంచి మాడు వాసన వస్తోందా?

విశాఖలో గెడ్డ (మురుగుకాలువ) పక్కన ఇల్లున్నవాళ్లకు దోమల సంగతి చెప్పక్కర్లేదు. పొద్దు వాలగానే తలుపులు బిగించి దోమల లిక్విడ్ మెషిన్ పెడితే, మళ్లీ తెల్లారాకే తీయడం. అందుకే దాని నుంచి మాడు వాసన వచ్చినా "పాతదైపోయింది" అనుకుని ఊరుకుంటారు. ఊరుకోవద్దు. ముందు స్విచ్ ఆపి, ఆ వాసన ఎలాంటిదో చూడండి. నూనె మాడినట్టుంటే తప్పు వత్తిది. ప్లాస్టిక్ కాలినట్టుంటే ప్లగ్గుదో సాకెట్‌దో.

నూనె మాడినట్టు కమురు వాసన

సీసాలోని మందు వత్తి గుండా పైకి ఎక్కుతుంది. వత్తి కొన చుట్టూ ఉండే హీటర్ రింగు దాన్ని ఆవిరి చేస్తుంది. సీసా ఖాళీ అయినా రింగు వేడి ఆగదు కాబట్టి, ఎండిన వత్తి మాడిపోతుంది. అడుగున కొంచెం మందు ఉండగానే రీఫిల్ మార్చేయండి.

ఖాళీ సీసాలో కిరోసిన్, కర్పూరం, వేపనూనె కలిపి పోసుకునే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. మేమూ పోశాం. ఓ రాత్రి గదంతా పొగ వాసన. సీసా విప్పితే వత్తి కొన కాలిన అగ్గిపుల్లలా నల్లగా ఉంది, ముట్టుకుంటే వేలికి జిగురు అంటింది. వేపనూనె చిక్కన. వత్తిలోని సన్నటి రంధ్రాలు పూడిపోయి, పైకి ఎక్కిన కాస్తా అక్కడే మాడుతుంది. కిరోసిన్‌తో అయితే నిప్పు భయం కూడా. రాత్రంతా వేడెక్కే వస్తువులో, పిల్లలు పడుకునే గదిలో, అది పెట్టకండి.

మాడిన వత్తిని గీకినా, కొన కత్తిరించినా లాభం లేదు. సీసాతో పాటు మార్చాల్సిందే. వేరే కంపెనీ రీఫిల్ బిగిస్తే ఒక్కోసారి వత్తి ఒరిగి రింగుకు తగులుతుంది. మెషిన్‌కు సరిపడేదే కొనండి.

మరో కారణం, నేల మీద పడుకోబెట్టిన ఎక్స్‌టెన్షన్ బాక్సు. దానికి పెడితే సీసా పక్కకు వాలి మందు రింగు మీదకు కారుతుంది. సీసా ఎప్పుడూ నిలువుగా ఉండాలి.

ప్లాస్టిక్ కాలిన వాసన

బీచ్ వైపు ఇళ్లలో ఉప్పుగాలికి ప్లగ్గు పిన్నులకు పచ్చటి చిలుము పడుతుంది. దానికి సాకెట్ లూజు తోడైతే కరెంటు సరిగా అందక అక్కడే వేడి పుడుతుంది. మెషిన్ తీసి సాకెట్ కన్నాల చుట్టూ చూడండి. గోధుమరంగు మచ్చ ఉంటే ఎలక్ట్రీషియన్ మార్చేదాకా ఆ సాకెట్ వాడొద్దు. పిన్నుల దగ్గర ప్లాస్టిక్ మెత్తబడిన మెషిన్‌ను బాగు చేయించకండి, పారేయండి.

ఏదీ కాకపోతే రింగులో దుమ్మో, చచ్చిన పురుగులో ఉంటాయి. ప్లగ్గు తీసి, చల్లారాక పొడిగుడ్డతో తుడిస్తే చాలు. నీళ్లు తగలనివ్వొద్దు.

తీసేసిన సీసాను పిల్లలకు అందేచోట వదలకండి. ఎవరైనా మింగితే వాంతి చేయించొద్దు, ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే కేజీహెచ్‌కో (విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి), దగ్గర్లోని ఆసుపత్రికో తీసుకెళ్లండి. సీసా కూడా పట్టుకెళ్లండి. డాక్టరు చూసేది దాని మీది లేబులే. అందులో మీరు వేరే నూనె పోసి ఉంటే ఆ మాట ముందే చెప్పండి.