గన్నేరు ఉప్పు నీటిని తట్టుకుంటుంది కదా, మరి కుండీలో ఎందుకు మాడుతోంది?

బోరు నీటికి బతికే పూలమొక్క కావాలంటే హైదరాబాద్ నర్సరీల్లో చూపించే వాటిలో గన్నేరు తప్పకుండా ఉంటుంది. రోడ్డు డివైడర్ల మీద ఎండకూ పొగకూ ఓర్చుకుని పూసే ఆ మొక్కే ఇంటి బాల్కనీలో నీరసిస్తుంది. డివైడరులో వేళ్లు పాకడానికి చోటుంటుంది, పేరుకున్న లవణాలను వానలు కిందికి కడిగేస్తాయి. 12 అంగుళాల కుండీలో ఆ రెండు సదుపాయాలూ లేవు.

ఆకుల చివరలు, అంచులు మాడుతుంటే

ముందు ముదురాకులు చూడండి. మాడటం వాటితోనే మొదలై, మట్టిపైనా కుండీ అంచునా తెల్లటి పొర కనిపిస్తే కారణం లవణాలే. నీరు ఆవిరైపోతుంది, అందులోని ఉప్పు మట్టిలో మిగిలిపోతుంది. దీనికి తోడు ఆర్‌ఓ యంత్రం వదిలే నీటిని మొక్కలకు పోయడం మన అపార్ట్‌మెంట్లలో అలవాటైంది. పొదుపు మంచిదే కానీ, తాగే నీటిలోంచి తీసిన లవణాలన్నీ చేరేది ఆ నీటిలోకే. అసలే బోరు నీళ్లయితే అది మరింత ఉప్పగా ఉంటుంది. దాన్ని బాత్రూము కడగడానికి వాడుకోండి.

తెల్లపొరను పైమట్టితో సహా గీకి తీసేయండి. నల్లా నీళ్లు వచ్చిన రోజు, కుండీ పరిమాణానికి రెట్టింపు నీటిని ఆగి ఆగి పోయండి. అడుగు రంధ్రం నుంచి ధారగా బయటికి పోవాలి. కింద పళ్లెం ఉంచితే కడిగిన ఉప్పునే వేళ్లు మళ్లీ పీల్చుకుంటాయి. వేసవిలో నెలకోసారి ఇలా చేసి, జూన్‌లో వానలు పడగానే కుండీని ఆరుబయట పెట్టండి. మాడిన ఆకు మళ్లీ పచ్చబడదు, కొత్త చిగురు శుభ్రంగా వస్తే కుదుటపడినట్లే. అంతవరకు డీఏపీ, యూరియా వంటి ఎరువుల జోలికి వెళ్లవద్దు. అవీ మట్టిలో లవణాల భారాన్ని పెంచేవే.

పోసిన నీరు అంచుల వెంట జారిపోతుంటే, లేదా పైనే నిలుస్తుంటే

నర్సరీ సంచిలో ఉన్న జిగట ఎర్రమట్టి ముద్ద ఎండితే బిగుసుకుపోతుంది, తడిస్తే ఆరదు. తడి మట్టిలోనూ మొక్క వాడిపోతోందంటే వేళ్లు కుళ్లుతున్నాయని అనుమానించాలి. నల్లబడి మెత్తనైన వేళ్లు కోసేసి, ఎర్రమట్టి, ఇసుక, వర్మీకంపోస్టు సమపాళ్లలో కలిపి మార్చి నాటండి.

లేత ఆకులు పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ

ఇది ఇనుము లోపం. మట్టిలో ఇనుము ఉన్నా, క్షార గుణమున్న నీటి వల్ల వేళ్లకు అందదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి సాయంత్రం ఆకులపై పిచికారీ చేయండి. వేరుశనగ రైతులు వాడే పాత మందే ఇది. వారం పది రోజులకు మరోసారి కొట్టాలి.

పూలు లేవు

రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగలాలి. ఎదురు భవనం నీడ పడే బాల్కనీలో ఏ ఎరువూ పూలు పూయించలేదు. ఎండ చాలినంత ఉంటే కత్తిరింపు వేళ చూసుకోండి. పూలు కొత్త కొమ్మల చివరన వస్తాయి కాబట్టి, మొగ్గలు కనిపించాక కత్తెర పెట్టకూడదు.

పురుగులు

విషపు మొక్కకు పురుగు పట్టదనే మాట నమ్మకండి. చిగుళ్ల మీద నల్ల కాళ్లతో పసుపు పేనుబంక గుంపులు కడుతుంది. నీటి ధారతో కొట్టి, తర్వాత లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి చల్లండి. రాత్రికి రాత్రి కొమ్మలు బోడిగా మారి, కింద మిరియాల్లాంటి నల్ల రెట్టలు రాలితే అది గొంగళిపురుగు పని. వేలెడంత ఆకుపచ్చ పురుగు, తల దగ్గర రెండు నీలి కళ్ల గుర్తులు, తోక దగ్గర చిన్న కొమ్ము. చూస్తే జంకు పుడుతుంది కానీ కుట్టదు. ఆకుల అడుగున వెతికి ఏరేస్తే సరి, మందు అక్కర్లేదు.

ఏ పని చేసినా చేతి తొడుగులు వేసుకోండి. ఆకు, పువ్వు, కాడ, వేరు, పాలు అన్నీ విషమే. కత్తిరించిన కొమ్మలను కాల్చవద్దు, ఆ పొగా ప్రమాదమే. మేకలు, ఆవులు తిరిగే వీధి చివర పడేయకుండా సంచిలో కట్టి చెత్తబండికి ఇవ్వండి.