పిల్లాడు పిచింగ్‌కు దిగే ముందు

అమెరికాలో బేస్‌బాల్‌లో పిచింగ్ (బ్యాటర్‌కు బంతి విసరడం) చేసే 11, 12 ఏళ్ల పిల్లల తల్లిదండ్రులు మ్యాచ్‌కు ముందు ఇవి చూసుకోండి.

• బంతుల లెక్క మీరే రాసుకోండి. మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి ఇచ్చిన ‘పిచ్ స్మార్ట్’ సూచనల ప్రకారం ఈ వయసుకు రోజుకు 85 హద్దు. 66కు చేరితే నాలుగు రోజుల విశ్రాంతి. రెండు జట్లకు ఆడుతుంటే రెండు లెక్కలూ కలపాలి. ఒక కోచ్‌ దగ్గర వేసినవి ఇంకో కోచ్‌కు తెలియవు.

• సైడ్‌ఆర్మ్ (చెయ్యి పక్కకు చాచి విసరడం) వేస్తే చేతికి భారం ఉండదనే మాట నమ్మకండి. ఎలా విసిరినా మోచేతి లోపలివైపు లిగమెంట్ (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) మీద లాగుడు పడుతూనే ఉంటుంది. 1974లో పిచర్ టామీ జాన్‌కు ఆపరేషన్ చేసింది దానికే.

• ముందుకాలు నేలకు ఆనేసరికి మోచెయ్యి దాదాపు భుజం ఎత్తుకు రావాలి. అది కిందికి జారుతుంటే అలిసిపోయాడేమో చూడండి. అలిసిపోతే 40 బంతులే అయినా ఆపించండి.

• పిచింగ్ చేసిన రోజే క్యాచర్‌గా (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడిగా) నిలబెట్టొద్దు.

• మోచెయ్యి నొప్పి అన్నాడా, ఆ రోజు ఆట లేదు. మాత్ర వేసి పంపడం అసలే వద్దు.