ట్రైలర్‌కి కొత్త సామాను బిగించే ముందు తూకం వేయించండి

ఆఫ్‌రోడ్ క్యాంపింగ్ ట్రైలర్ ఉన్నవాళ్లు దయచేసి ఇది చదవండి. పైన టెంటు, పక్కన నీడ కోసం ఆనింగ్, రెండో బ్యాటరీ, ఇంకో వాటర్ ట్యాంకు అంటూ ఒక్కొక్కటే తగిలించుకుంటూ పోతాం కానీ, మొత్తం బరువు ఎంతయిందో, ముఖ్యంగా ఆ బరువు ఎక్కడ పడుతోందో చాలామంది చూసుకోరు. లీటరు నీళ్లంటే కిలో, అంటే 100 లీటర్ల ట్యాంకు నింపితే 100 కిలోలు అదనం. అది ఇరుసుకి వెనక ఉంటే హిచ్ (ట్రైలర్‌ని బండికి తగిలించే కొక్కెం) మీద బరువు తగ్గిపోయి, స్పీడులో ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది, అప్పుడు అదుపు చేయడం చాలా కష్టం.

కాబట్టి ప్రయాణానికి సర్దినట్టే అంతా సర్ది, నీళ్లు నింపి, లారీలు తూచే వేబ్రిడ్జి మీద తూకం వేయించండి. చాలా ట్రైలర్లకి మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడితే నిలకడగా నడుస్తాయి, అయితే మీ బండికి కంపెనీ ఇచ్చిన పరిమితి మాత్రం దాటకూడదు. టైర్లు, ఇరుసు మోయగల బరువు కూడా చూసుకోండి.

బరువు తగ్గించాలంటే నా లెక్కలో మొదట మార్చాల్సింది బ్యాటరీ. లెడ్ యాసిడ్‌తో పోలిస్తే అదే కెపాసిటీ లిథియం బ్యాటరీ సుమారు సగం బరువే ఉంటుంది. దాన్ని నేరుగా బండి ఆల్టర్నేటర్‌కి (ఇంజిన్ నడుస్తుంటే కరెంటు తయారుచేసే భాగం) కలిపేయకండి, ఆల్టర్నేటర్ వేడెక్కి పాడయ్యే ప్రమాదం ఉంది, మధ్యలో కరెంటుని అదుపులో ఉంచే డీసీ టు డీసీ చార్జర్ పెట్టించండి. పాత బ్యాటరీ ముందు వైపు ఉండి ఉంటే మాత్రం హిచ్ బరువు మళ్లీ చూసుకోవాలి.